వాలు మీది ఎకరం

కొండపోడు కొలిచినప్పుడల్లా మన ఊళ్ళలో వినిపించే మాట ఒకటే: "నేల తగ్గించి రాశారు." కొంత తగ్గడం లెక్కలోనే ఉంది. కాగితానికెక్కేది వాలు మీది నేల కాదు, పైనుంచి చూస్తే కనబడే చదును కొలత. 30 డిగ్రీల వాలులో టేపు 100 మీటర్లు చూపితే పటంలో పడేది 86.6 మీటర్లే. అంతటా అదే వాలున్న ఎకరం సుమారు 87 సెంట్లవుతుంది. ఇది తెలియకపోతే సర్వేయరును ఉత్తపుణ్యానికి తిడతాం, నిజంగా తగ్గించిన రోజు పట్టుకోనూ లేం.

పోడును త్రిభుజాలుగా విడగొట్టి భుజాలు కొలిస్తే, బడిలో చదివిన హెరాన్ సూత్రం వైశాల్యం చెబుతుంది. కానీ పది పన్నెండు త్రిభుజాలు, ఒక్కోదానికి వర్గమూలం, భుజం భుజానికీ వాలు సవరణ! ఎండలో చేతిలెక్క ఎక్కడో తప్పుతుంది. ప్రోగ్రాం ఎక్కించుకునే క్యాలిక్యులేటరులో సూత్రాన్ని ఒక్కసారి రాసిపెడితే, ఆపై పొడవు, కోణం నొక్కడమే. సెల్ సిగ్నల్ అక్కర్లేదు. కోణానికి జామెట్రీ పెట్టెలోని కోణమానిని, దారం, గులకరాయి చాలు. ముందు చదును మీద 30, 40, 50 మీటర్ల త్రిభుజంతో సరిచూసుకోవాలి; 600 చదరపు మీటర్లు, అంటే దాదాపు 15 సెంట్లు రావాలి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సాగు నేలకు 4 హెక్టార్ల దాకా హక్కుంది. దరఖాస్తులు పరిశీలించేది గ్రామసభ ఎన్నుకున్న కమిటీ. దాని వెంట మన పదో తరగతి పిల్ల క్యాలిక్యులేటరుతో కొండెక్కొచ్చు.