బొద్దుతనానికీ ఓ లెక్కుంది

మన ఇళ్ళలో పిల్లవాడి క్షేమసమాచారం వాడి బుగ్గలు చూసి చెప్పే ఆచారం ఉంది. బొద్దుగా ఉంటే ముద్దు. సన్నగా ఉంటే తల్లికి పెట్టడం చేతకాదని అర్థం. ఆకలి రోజులు చూసిన ముసలివాళ్ళున్న ఇంట్లో ఈ మాట మరీ గట్టిగా వినిపిస్తుంది. మా షోలాపూర్ తూర్పు పేటల్లో మా తాతల తరం గుంట మగ్గం మీద పొద్దస్తమానం కాళ్ళాడించి, జొన్నరొట్టె, పల్లీల కారం తిని బతికింది. ఆ తరానికి ఒళ్ళు చేయడమంటే ఇంట్లో నాలుగు గింజలు నిలవ ఉన్నట్టు. మగ్గం పోయింది గానీ ఆ మాట మాత్రం మన దగ్గరే ఉండిపోయింది.

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో అంకెలు చూసుకుంటున్నవాణ్ణి. అయినా ఈ సంగతి రాయడానికి కారణం మా చెల్లెలి కొడుకు. వాడికి పదమూడేళ్ళు. ఒకనాడు మా చెల్లెలు, "మెడ మీద మకిలి పోతలేదన్నా, ఎంత రుద్దినా" అంది. శనగపిండితో రుద్దింది, నిమ్మచెక్కతో రుద్దింది. చర్మం కందిపోయింది గాని నలుపు కదల్లేదు. పిల్లవాడు చొక్కా పైగుండీ విప్పడం మానేశాడు. తోటివాళ్ళు ఏదో పేరు పెట్టి పిలుస్తున్నారని కబడ్డీకి వెళ్ళడం కూడా మానేశాడు.

పిల్లల డాక్టరు వాణ్ణి తూకం వెయ్యకముందే మెడ చూశారు. అది మురికి కాదు, రుద్దకండి అన్నారు. ఒంట్లో, ముఖ్యంగా పొట్టలో, కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ చెప్పిన మాట శరీరం వినదు. ఆ కొరత తీర్చడానికి క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. రక్తంలో అది ఎక్కువైనకొద్దీ మెడ మీద, చంకల్లో చర్మం మందమెక్కి నల్లబడుతుంది. అంటే చక్కెర వ్యాధి ఇంకా గడప తొక్కకముందే వీధిలో నిలబడి పిలిచిన పిలుపన్నమాట.

వాడి ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే 31 పైచిలుకు వచ్చింది. నడుము 96 సెంటీమీటర్లు; ఎత్తులో సగానికి, అంటే 76కి లోపల ఉండాలి. పరగడుపు చక్కెర 108, నూరు దాటకూడదు. రక్తపోటు కూడా వాడి వయసుకు ఎక్కువే.

పెద్దవాళ్ళకు ఒకే గీత గీసి దానికి పైన, కింద అని చెబుతాం. పిల్లలకు అలా కుదరదు, ఏడాదికేడాది ఒళ్ళు మారుతుంది కనుక. అమెరికా వైద్యులు వాడే పట్టికలో, ఆ వయసు మగపిల్లల్లోగాని ఆడపిల్లల్లోగాని నూటికి 95 మంది ఏ గీతకు దిగువన ఉంటారో అది స్థూలకాయానికి మొదటి హద్దు. దానికి 1.2 రెట్లయితే రెండో తరగతి, 1.4 రెట్లయితే మూడో తరగతి. మా వాడు రెండో తరగతిలో పడ్డాడు.

"లావు లావే, అందులో తరగతులేమిటి?" అనేవారున్నారు. అక్కడే ఉంది సంగతి. 1999 నుంచి 2012 దాకా అమెరికాలో సేకరించిన ఆరోగ్య వివరాల్లోంచి, బరువు ఎక్కువున్న 8,579 మంది పిల్లల, యువకుల లెక్కలు తీసి 2015లో ప్రచురించారు. తరగతి పెరిగినకొద్దీ మంచి కొలెస్ట్రాల్ తగ్గడం, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు, చక్కెర పెరగడం ఎక్కువగా కనబడ్డాయి. మగపిల్లల్లో ఇది మరీ స్పష్టం. మా బ్యాంకుల్లో వాయిదా 90 రోజులు దాటితే అప్పు మొండి బాకీ లెక్కలోకి పోతుంది. అలాగని తొంభయ్యో రోజు దాకా ఎవరూ చేతులు కట్టుక్కూర్చోరు. మొదటి వాయిదా తప్పిన రోజునుంచే ఆ ఖాతా మీద ఒక కన్ను ఉంటుంది. పిల్లల ఒంటి విషయంలోనే మనకా ఆత్రం లేదు.

మన దేశపు పిల్లలకు ఇంకో చిక్కుంది. మాకు దగ్గరలోనే ఉన్న పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ళ తరబడి పరిశోధించి చెప్పింది అదే: మన పిల్లలు పుట్టుకతో బరువు తక్కువైనా ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ. 2004లో ఆయన తన ఆంగ్లేయ మిత్రుడు డాక్టర్ యుడ్‌కిన్‌తో కలిసి తమ కొలతలే అచ్చు వేశారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌గారికి 9.1 శాతం, యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం! అందుకే మన శిశువైద్యుల అకాడమీ 2015లో పెద్దల 25, 30 గీతల బదులు 23, 27కి సరితూగే గీతల్ని మన పిల్లలకు ఖాయం చేసింది. 2016–18 జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ళవారిలో అధిక బరువున్నవారు 5 శాతమే. చక్కెర వ్యాధి అంచున ఉన్నవారు 10 శాతం. సన్నగా కనిపించే పిల్లల్లోనూ కొందరికి ఈ ముప్పుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

చిన్నతనంలో వచ్చిన చక్కెర వ్యాధి పెద్దయ్యాక వచ్చినదానికంటే దుడుకైనది. అమెరికాలో అలాంటి పిల్లల్ని వెంబడించి చూస్తే, జబ్బు బయటపడ్డ సుమారు 13 ఏళ్ళకు, అంటే పాతికేళ్ళు దాటీ దాటకుండానే, 60 శాతం మందికి కళ్ళు, మూత్రపిండాలు, నరాల్లో ఏదో ఒకటి దెబ్బతింది. 2021లో ఈ సంగతి వెలువడింది.

ఇన్ని చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నాలుగు పెద్ద అధ్యయనాలను కలిపి 2011లో తేల్చిన మాట ఒకటుంది. చిన్నప్పుడు బరువెక్కువుండి, పెద్దయ్యేసరికి స్థూలకాయం లేకుండా చేసుకున్నవాళ్ళకు చక్కెర, రక్తపోటు వంటి ముప్పులు, ఎన్నడూ లావు కానివాళ్ళకు ఉన్నంతే ఉన్నాయట. చిన్ననాటి బాకీ వేళకు తీరిస్తే పద్దు మూసేయొచ్చునన్నమాట.

మా చెల్లెలింట్లో మొదట అడ్డుపడింది వాళ్ళ అత్తగారు. "ఎదిగే పిల్లగాని నోరు కడుతరా?" అని ఆవిడ బాధ. ఆవిడ పదేళ్ళుగా చక్కెర మాత్రలు మింగుతున్న మనిషి. "మీకు యాభై అయిదులో వచ్చింది వాడికి పదిహేనులో రావద్దు కదమ్మా" అని డాక్టరు అన్నాక ఇంకేం మాట్లాడలేదు. మర్నాటినుంచి వాడి పాలలో చక్కెర వేయడం ఆవిడే మానేసింది.

వాడొక్కడికే పథ్యం పెట్టలేదు. ఇంటిల్లిపాదికీ రాత్రిపూట జొన్నరొట్టె, పప్పు, కూర. తియ్యటి సీసా పానీయాలు ఇంట్లోకి రావు. భోజనం దగ్గర ఫోను ఉండదు. పొద్దున్నే మా బావగారు వాణ్ణి వెంటబెట్టుకుని సిద్ధేశ్వర చెరువు చుట్టూ నడుస్తారు. తొమ్మిది నెలల్లో బరువు తగ్గింది రెండు కిలోలే. ఎత్తు మాత్రం అయిదు సెంటీమీటర్లు పెరిగింది. ఆ పెరుగుదలే సగం పని చేసింది: 31 కాస్తా 28కి దిగింది. పరగడుపు చక్కెర 97. మెడ నలుపు పలచబడింది. ఇంకా దారి ఉంది, నడుస్తున్నారు.

బడి గేటుకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండి అమ్మకూడదని 2020లోనే నియమం వచ్చింది. మన పిల్లల బడుల ముందు అది ఎంతవరకు అమలవుతోందో వెళ్ళి చూడడం మన వంతు. పిల్లల్ని లావుకు వెక్కిరించడం మాత్రం ఏ మందూ కాదు. సిగ్గుపడ్డ పిల్లవాడు మైదానం వదిలి గదిలో కూర్చుంటాడు.

ఈసారి మీ ఇంటికి పిల్లలొస్తే బుగ్గ గిల్లండి, తప్పులేదు. ఆ చేత్తోనే మెడ వెనక ఒకసారి చూడండి. నడుముకూ ఎత్తుకూ ఒక దారం పట్టి చూడండి. ఎత్తులో సగం దారం నడుము చుట్టూ అందకపోతే ఒక్కమారు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.