గేటు పక్కన తంగేడు

ఉప్పల్ దాటి వరంగల్లు రోడ్డున ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా భువనగిరి వెళ్ళేవారికి, వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మొరం నేలల్లో పసుపుపచ్చని పూలు కనిపిస్తాయి. అవి తంగేడు పూలు. ఆ పొదలను నాటినవారు లేరు, నీరు పోసినవారు లేరు. మేకలు సైతం వాటి ఆకును ముట్టవు.

వెనుకటి రోజుల్లో తోళ్ళు పదును చేయడానికి తంగేడు చెక్క వాడేవారు. రైతులు దాని రొట్టను మడిలో తొక్కేవారు. బతుకమ్మను పేర్చడానికి గునుగుతో పాటు తంగేడు ఉండవలసిందే. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. అయినా ప్లాట్లు వేసేటప్పుడు మొదట కొట్టివేసేది ఈ పొదలనే. ఆ ప్లాట్లలో ఇల్లు కట్టుకున్నవారే పండుగనాడు బజారులో తంగేడు కొనుక్కుంటారు.

ఘట్‌కేసర్ దగ్గరి ఒక కాలనీలో గృహ దర్శనానికి వెళ్ళినప్పుడు, మా సంఘ సభ్యురాలి ఇంటి గేటు పక్కన తంగేడు నిండుగా పూసి ఉంది. "ఈ పిచ్చిమొక్కను పీకేయరాదా అమ్మా?" అని ఇరుగుపొరుగు అడిగేవారట. ఆమె పీకలేదు. చుట్టూ ఇటుకలు వరుసగా పాతి, కొమ్మలు కత్తిరించి, కింద ఊడ్చి ఉంచింది. అడగడం ఆగిపోయింది. మొక్క మారలేదు, దానికి ఒక చోటు ఏర్పడింది, అంతే.

పెంచదలచిన వారికి ఆమె చెప్పిన పద్ధతి ఇది. గింజ పెంకు గట్టిది గనుక వేడినీళ్ళు పోసి రాత్రంతా నాననివ్వాలి. వేరు లోతుకు దిగుతుంది గనుక తొలకరిలో ఉండవలసిన చోటనే విత్తాలి. మొదటి ఎండాకాలం అప్పుడప్పుడు నీరు పోస్తే, ఆపైన వానలే చాలు. ఎరువు అక్కరలేదు. పూత అయ్యాక మోకాలెత్తుకు కత్తిరిస్తే పొద గుబురుగా ఉంటుంది. ఎండిన కాయలు రాలకముందే కోసుకోవాలి.

ఆకులకు చిల్లులు పడితే మందు కొట్టవద్దు. ఆ పచ్చని పురుగులే తెల్లని సీతాకోకచిలుకలవుతాయి. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకొని ఝుమ్మని అదిలిస్తే, కేసరాల కొసనున్న సన్నని రంధ్రాల నుండి పుప్పొడి రాలుతుంది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే ఆ చప్పుడు వినవచ్చు.

గుట్ట మీద చోటు పోయిన మొక్కకు మన వాకిట నాలుగడుగుల నేల చాలు.