గుట్ట కింద గాలి తుపాకీ

శివరాత్రి వచ్చిందంటే చాలు... హైదరాబాద్ శివార్లలోని కీసరగుట్టకు జనం పోటెత్తుతారు. శ్రీరాముడు ప్రతిష్ఠించాడని చెప్పే రామలింగేశ్వరుడి దర్శనానికి బారులు తీరుతారు. గుట్ట మీద ఎటు చూసినా శివలింగాలే. కాశీ నుంచి లింగాలు తెచ్చేసరికి ఆలస్యమై, అలిగిన హనుమంతుడు విసిరేసినవే ఇవన్నీ అని స్థలపురాణం. ఆ కేసరి పుత్రుడి పేరు మీదే కేసరిగిరి... వాడుకలో కీసర అయిందంటారు.

దర్శనమయ్యాక పిల్లల మనసంతా జాతర మీదే. బొమ్మలు, గాజులు, రంగులరాట్నం! వాటి మధ్య ఏ జాతరలోనైనా కనిపించే బెలూన్ల బోర్డు, దాని ముందు గాలి తుపాకీ. నాలుగు గుండ్లు పేలిస్తే రెండు తప్పుతాయి. 'నీకు గురి లేదురా' అని వెంటనే వేళాకోళం. తప్పంతా పిల్లాడిదేనా? వందల చేతులు మారిన తుపాకీలో గురి చూసే ముక్కు కాస్త వంగినా, గొట్టం వదులైనా గుండు దారి తప్పక మానదు.

స్ప్రింగు పోయి గ్యాసు వచ్చె...

ఇలాంటి తుపాకీలు చాలావరకు స్ప్రింగు రకం. గొట్టాన్ని కిందికి వంచితే లోపలి ఉక్కు స్ప్రింగు నొక్కుకుని ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది విచ్చుకుని పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ ముందున్న గాలి ఒత్తుకుని గుండును బయటకు నెడుతుంది. సైకిల్ పంపు కొట్టినట్టే అన్నమాట!

గ్యాస్ పిస్టన్ రకంలో స్ప్రింగుకు బదులు నైట్రోజన్ నింపి సీలు వేసిన సిలిండర్ ఉంటుంది. కారు వెనక డోరును పైకెత్తి పట్టే కడ్డీలో ఉన్నదీ ఇదే సూత్రం. 1980ల్లో బ్రిటన్‌కు చెందిన థియోబెన్ కంపెనీ వీటికి పేరు తెచ్చింది. స్ప్రింగు విచ్చుకుంటూ మెలి తిరుగుతుంది, మోగుతుంది. గ్యాసుకు ఆ మెలి లేదు, ఆ మోతా లేదు. కాకపోతే వంచేటప్పుడు మొదటి నుంచీ బలం పెట్టాలి. గ్యాసు కారిపోతే సిలిండరే మార్చాలి.

మంచిదని తెలిసేదెలా?

వేగం చూసి కాదు. వంచిన గొట్టం మూసిన ప్రతిసారీ అదే చోట బిగుసుకోవాలి. ట్రిగ్గర్ ఎక్కడ వదులుతుందో వేలికి ముందే తెలియాలి. గొట్టం లోపలి మెలికల గాళ్లు గుండును బొంగరంలా తిప్పాలి. ఆ సీసపు గుండూ చిత్రమే. నడుము సన్నగా, అచ్చం శివుడి డమరుకంలా ఉంటుంది! అలాంటి ఐదు గుండ్లు ఒకే చిల్లులో పడితే అదీ పనితనం. గుండు పెట్టకుండా ఉత్తినే పేలిస్తే మాత్రం పిస్టన్ నేరుగా గుద్దుకుని ఎంత మంచి తుపాకీ అయినా పాడవుతుంది.

ఈ గురికి ఒలింపిక్ పతకం తెచ్చినవాడు హైదరాబాదీ గగన్ నారంగ్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. ఆ పోటీ తుపాకీలది వేరే పద్ధతి. ముందే సిలిండర్‌లో నింపిన గాలితో పేలుతాయి. అక్కడి పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే!

బొమ్మ కాదు సుమా!

2016 ఆయుధ నిబంధనల ప్రకారం గుండు కొలత 4.5 మిల్లీమీటర్లు గానీ, శక్తి 20 జౌళ్లు గానీ దాటితే లైసెన్సు ఉండాల్సిందే. దాటకపోయినా ప్రమాదం తక్కువేం కాదు. బెలూన్ పగలగొట్టే గుండే కన్నూ తీస్తుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. కొమ్మ మీది పిట్టకు గురిపెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కావచ్చు. గుట్ట చుట్టూ ఉన్న కీసర అడవి ఆ పిట్టల ఇల్లు. తుపాకీ అడిగే పిల్లాడికి ముందు ఈ మాటలు చెప్పి, ఆపైన వెనక గట్టి అడ్డు ఉన్న కాగితం మీద చుక్క పెట్టి చూపించడమే పెద్దల పని. చెయ్యి ఎంత నిలకడో, తుపాకీ ఎంత మేలో ఆ చుక్కే చెబుతుంది.