హాటన్ సరస్సు ఒడ్డున ఒక రాత్రి

గత జులైలో సకుటుంబంగా మిషిగన్‌లోని హాటన్ సరస్సుకు వెళ్ళాము. రాత్రి రేవు దగ్గర టార్చి వేసి చూస్తే, రెండంగుళాల పురుగొకటి తనకంటే పెద్ద కప్పను ముందుకాళ్ళతో అదిమి పట్టుకుని ఉంది. ఇక్కడివాళ్ళు దీన్ని "కాలివేళ్ళు కొరికేది" అంటారు; శాస్త్రనామం లెథోసెరస్. సూదిలాంటి ముక్కుతో విషపు లాలాజలం ఎక్కించి, లోపలి కండ కరిగాక పీల్చుకుంటుంది.

"నాన్నా, నువ్వు డాక్టరువి కదా, బతికించవూ?" అంది మా అమ్మాయి. కర్రతో విడిపించాను. కప్ప ఒంటిమీద గాయమే కనిపించలేదు, కాని కదలలేదు. గుంటూరులో చదివే రోజుల్లో పాముకాటు రోగుల కాళ్ళమీద ఇలాంటి చిన్న గుర్తులే చూసేవాణ్ణి. లోపల ఎంత జరిగిందో పైకి తెలిసేది కాదు. "ఆలస్యమైందమ్మా" అన్నాను. రోగుల బంధువులతో ఎన్నోసార్లు అన్న మాటే. మా పిల్లతో అనడం అదే మొదటిసారి.

మీరు వెళితే పిల్లల్ని చీకట్లో వట్టికాళ్ళతో నీళ్ళలో దిగనివ్వకండి. ఆ కాటు మనిషి ప్రాణం తీయదు గాని, నొప్పి మాత్రం విపరీతం.