నాలుగు చక్రాల బండిల్లు

బండి, ఇల్లు అనే రెండు మాటలను కలిపి 'బండిల్లు' అని వాడుతున్నాను. ఇత్వసంధి వైకల్పికం కనుక 'బండియిల్లు' అనేవారితో నాకు పేచీ లేదు. ఇంగ్లండువారు కారవాన్ అంటారు. కారు వెనుక తగిలించుకొని లాక్కుపోయే ఇల్లు అది. పడకలు, వంటగట్టు, స్నానపుగది అన్నీ ఉంటాయి. ఇంజను మాత్రం ఉండదు. సామాన్యంగా దానికి ఒకే ఇరుసు, రెండు చక్రాలు. పెద్దవాటికి దగ్గరదగ్గరగా రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. లెస్టరు సమీపంలో కాపురముంటున్న మా అల్లుడుగారు 2023లో కొన్న పాత బండిల్లు ఈ రెండో రకానిది.

విలాసానికి కొన్నారనుకోకండి. మా మనవడికి ఏడేళ్లు. వాడికి వేరుసెనగ పడదు. పడకపోవడమంటే దద్దుర్లు వచ్చి పోవడం కాదు, ఊపిరి అందకపోవడం. నాలుగో ఏట ఒక భోజనశాలలో రెండు ముద్దలు తిని నీలంగా మారిన పిల్లవాడిని అంబులెన్సులో తీసుకుపోయారు. నాటినుండి అమ్మాయి బయటి వంట ముట్టనివ్వదు. ఎక్కడికి కదిలినా రెండు ఎడ్రినలిన్ సూదులు సంచిలో ఉండవలసిందే. తన వంటగది తన వెంట వస్తే తప్ప వాళ్లకు ప్రయాణమన్న మాట లేదు.

ఆ బండి నడిపే హక్కు కూడా ఈ మధ్య వచ్చినదే. 1997 జనవరి 1 తరువాత కారు పరీక్ష నెగ్గినవారు ఇంత బరువు లాగాలంటే బ్రిటనులో మరో పరీక్ష ఇవ్వవలసి వచ్చేది. 2021 డిసెంబరు 16 నుండి ఆ నియమం తొలగింది; 3,500 కిలోల వరకు లాగవచ్చు.

ఎడ్లబండి తోలిన ఇంట పుట్టినవాణ్ని కనుక దీని స్వభావం నాకు త్వరగానే బోధపడింది. బండిలో బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడలను అణుస్తుంది. వెనుకకు మొగ్గితే నొగలు పైకి లేచి పలుపులు గొంతుకు బిగుస్తాయి. ఇక్కడ ఎద్దుల స్థానంలో కారు కొక్కెం ఉన్నది. మొత్తం బరువులో నూటికి అయిదు నుండి ఏడు పాళ్లు కొక్కెం మీద పడాలంటారు. వెనుక బరువెక్కితే దారిలో బండి తోక ఊపడం మొదలుపెడుతుంది. మా నాయనగారు ఈ లెక్క ఎన్నడూ వ్రాసుకోలేదు. నొగ ఎత్తి చూసి చెప్పేవారు.

చిక్కంతా ఇంటి ముందు వచ్చింది. వీధి ఇరుకు, రెండు గేటు స్తంభాల నడుమ నుండి లోపలికి తిరగాలి, ఆ దారి పదికి ఒకటి వాలుతో పైకి ఎక్కుతుంది. 1,700 కిలోల బండిని అంత వాలు మీద జారకుండా ఆపడానికే 170 కిలోల బరువును ఎత్తినంత బలం కావాలి. తోయడం ఆ పైమాట. ఒక ఇరుసు బండినైతే నలుగురు చేరి ఉన్నచోటనే తిప్పగలరు. రెండిరుసుల బండి అలా తిరగదు. మన రథోత్సవం తలచుకోండి. వీధి మలుపులో రథచక్రాల కింద దుంగలు వేసి, కేకల మధ్య అంగుళం అంగుళం జరుపుతారు కదా, ఇదీ అంతే. తిరిగే చక్రం ఒక దిక్కుకు పోతానంటుంది, దాని వెనుకనున్నది ఒప్పుకోదు. రబ్బరు నేలను రాచుకుంటూ పక్కకు ఈడ్చుకుపోతుంది. 2023 శరదృతువులో ఈ ఈడ్పులోనే అల్లుడుగారి నడుము పట్టేసింది. ఆరు వారాలు మంచం. 2024 వేసవిలో మేము వెళ్లేసరికి బండి అమ్మకానికి ప్రకటన వ్రాసి ఉంచారు. పిల్లవాడికి ఇంకా చెప్పలేదు.

పొరుగున ఉన్న ఒక విశ్రాంత ఉద్యోగి 'మోటార్ మూవర్' మాట ఎత్తాడు. 'తోపుడుమోటారు' అందాము. చక్రం పక్కన చట్రానికి ఒక మోటారు, దానికొక అల్యూమినియం రోలరు. మీట నొక్కితే రోలరు వచ్చి టైరును ఒత్తుకొని నిలుస్తుంది. తిరిగితే చక్రాన్ని తిప్పుతుంది. శక్తి పన్నెండు వోల్టుల బ్యాటరీది. ఆజ్ఞ చేతిలోని రిమోటుది. బొత్తాం వదిలితే ఆగిపోతుంది. నిమిషానికి పది మీటర్లకు అటూ ఇటూగా నడుస్తుంది. పెళ్లికూతురి నడక.

రెండు మోటార్లా, నాలుగా? ఇల్లంతా వారం రోజులు దీని మీదనే చర్చ. రెండైతే సుమారు 34 కిలోలు, నాలుగైతే సుమారు 65. ఆ బరువంతా బండి మోసే సామానులోనే లెక్క. మా బండి ఖాళీ బరువు 1,560. చట్టప్రకారం మించకూడని బరువు 1,725. నడుమ ఉన్నది 165 కిలోలు. బట్టలు, గిన్నెలు, గ్యాసు, పిల్లవాడి సైకిలు, అన్నీ అందులోనే. కొన్ని బండ్లకు తయారీదారు పరిమితి పెంచి కొత్త ఫలకం ఇస్తాడు. మా దానికి ఆ వీలు లేదు.

రెండు మోటార్లు ఒకే ఇరుసును తిప్పుతాయి. కొంత ముందుకు నడుస్తూ మళ్లగలవు గాని ఉన్నచోట తిప్పలేవు. మా గేటు దగ్గర ఆ 'కొంత ముందుకు' చోటు లేదు. కనుక నాలుగు. అరవై అయిదు పోగా నూరు. పాత సీసపు బ్యాటరీ 25 కిలోలు. దాని బదులు 12 కిలోల లిథియం బ్యాటరీ పెట్టాలన్నారు అల్లుడుగారు. మోటార్లు కదిలే క్షణంలో నూరు ఆంపియర్లు దాటి లాగుతాయి. అంత ఒక్కసారిగా ఇవ్వగలిగిన లిథియం బ్యాటరీనే వెదకి తెచ్చారు. మిగిలింది 88.

అప్పుడు మా ఆవిడ రంగంలో దిగింది. విమానం పెట్టెలు తూచే కొక్కెపు త్రాసు విదేశాల్లో పిల్లలున్న ప్రతి తల్లి దగ్గరా ఉంటుంది. దానితో వంటగది అంతా తూచింది. కుక్కరు రెండున్నర, బియ్యం అయిదు, పప్పులు మూడు. గ్రైండరు మొదటి రోజే ఓడిపోయింది. నాలుగు కిలోల ఇనుప పెనం దగ్గర ఆగింది. "అత్తయ్యా, నాన్‌స్టిక్కుది ఉంది కదా" అని అల్లుడుగారు. ఆవిడ మాట్లాడలేదు. ఆ మౌనం అర్థం నలభై ఏళ్లుగా నాకు తెలుసు.

బిగించే ఆయన ఉదయం ఎనిమిదికే వచ్చాడు, సాయంకాలందాకా పని. నేను కుర్చీ వేసుకొని చూశాను. చట్రానికి ఒక్క రంధ్రమూ చేయలేదు. జింకు పూత పూసిన పలుచని ఉక్కు కనుక తొలిచినా, వెల్డింగు చేసినా బలం పోతుందట, బిగింపులతో పట్టించాడు. రెండు చక్రాల నడుమ చోటు చాలదు, అందువల్ల ఒక జత ముందు చక్రాలకు ముందు, ఇంకొక జత వెనుక చక్రాలకు వెనుక. రోలరుకూ టైరుకూ నడుమ వేలెడు సందు ఉండేలా ఒక చెక్కముక్క అడ్డుపెట్టి సరిచూశాడు. కుడి ఎడమల తీగెలు సమానమైన పొడవున కత్తిరించాడు. ఒకటి పొడవైతే ఆ పక్క మోటారుకు శక్తి తగ్గి బండి వంకర నడుస్తుందట.

వెనుక జతకు అడ్డంగా అదనపు చక్రం వ్రేలాడుతున్నది. "స్టెప్నీ తీసేయాలా?" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు! వేల్సులోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి పేరు మీద 1904 నాటి అదనపు చక్రానికి వచ్చిన మాట అది. పుట్టిన దేశంలో వాడుక తప్పి, మన లారీ డ్రైవర్ల నోట బ్రతికి ఉన్నది. నేను చెప్పగా విని ఆయన ఫోనులో వ్రాసుకున్నాడు. స్టెప్నీ కారు డిక్కీలోకి చేరింది.

వాలు మీద క్రమం తప్పకూడదని మూడుసార్లు చెప్పాడు. ముందు రోలర్లు టైర్లకు ఒత్తుకోవాలి, తరువాతనే చేతిబ్రేకు వదలాలి. పని ముగిశాక ముందు బ్రేకు, తరువాత రోలర్లు. అల్లుడుగారు నడుముపట్టీతో, రిమోటు చేతబట్టి గేటు ముందు నిలబడ్డారు. ఏడు మీటర్ల ఇల్లు తనంత తాను స్తంభాల మధ్యకు తిరిగి, నల్లని రబ్బరు చారలు దించుతూ వాలు ఎక్కింది. అమ్మాయి అటు చూడలేక లోపలికి వెళ్లిపోయింది. మనవడు "తాతయ్యా, ఎవరూ తోయట్లేదు!" అని అరిచాడు. ప్రకటన కాగితం ఆ రాత్రి ఏమైందో నేను అడగలేదు.

సామాను సర్ది ధర్మకాటా వంటి తూకపు వేదిక మీదికి ఎక్కించారు. 1,714 వచ్చింది. "పదకొండు మిగిలాయి, నా పెనం నాలుగే" అన్నది మా ఆవిడ. బరువైనవి ఇరుసుల మీదుగా నేలకు ఆనించి ఉంచాలి కనుక, అల్లుడుగారే దాన్ని తువ్వాలులో చుట్టి పడక కింద పెట్టారు.