తూకమునకు లొంగని విలువ

కఱ్ఱు అరిగినదని నాగలిని పారవేయు రైతు లేడు. కమ్మరి కొలిమియొద్దకు కొనిపోయి, కఱ్ఱును కాల్పించి, సాగగొట్టించి, మరల దుక్కికి దించును. కొడవలికి కక్కు కొట్టించుట, చిల్లిపడిన బిందెకు మాటు వేయించుట, ఇత్తడిగిన్నెకు కళాయి పూయించుట మన యిండ్లలో తరతరములుగా నున్న యాచారములే. ఇంటిలో నున్న యీ తెలివి మన కర్మాగారములలో అంతగా కనబడకపోవుట మాకు వింతగా తోచుచున్నది. పెక్కుచోట్ల యంత్రభాగ మొకటి విరిగెనా, మరునాటికి అది వెనుకదొడ్డిలోని తుక్కుకుప్పను చేరును. కొన్నాళ్లకు కాటామీది కెక్కును. కిలో యింతయని లెక్కకట్టబడి వెడలిపోవును. ఆ లెక్క సరియైనదేనా యని యడుగువారు అరుదు.

మా యభిప్రాయమున విరిగిన యంత్రభాగమునందు మూడు విలువలు కలవు. మొదటిది లోహము, రెండవది రూపము, మూడవది జ్ఞానము. కాటా మొదటిదానిని మాత్రమే తూచును.

ఆ మొదటి విలువనైనను మనవారు పూర్తిగా రాబట్టుకొనుచున్నారా యనిన, అదియు లేదు. రాగి, ఇత్తడి, అల్యూమినియము, పోత ఇనుము ఒకే కుప్పగా పోసినచో కొనువాడు మేలైనదానికిని హీనమైనదాని ధరయే కట్టజూచును. ఖనిజమునుండి అల్యూమినియము తీయుటకు పట్టు శక్తిలో సుమారు 5 శాతముతోనే పాత అల్యూమినియమును కరగించి మరల వాడుకొనవచ్చును. లేతుయంత్రముపై ఉక్కును కోయు కార్బైడు బిళ్లలను చూడుడు. మొన పోయిన పిమ్మట అవి గోరంత ముక్కలు. ఊడ్చి పారవేయుట సులభము. కాని వానిలో టంగ్‌స్టను, కోబాల్టు ఉన్నవి. వానిని కరగిన జింకులో వేసినచో, జింకు కోబాల్టుతో కలిసి ముక్కను ఉబ్బించి గుల్లచేయును. పిదప జింకును ఆవిరిగా లాగివేసి, మిగిలినదానిని పొడిచేసి క్రొత్త పనిముట్లకు వాడుదురు. ప్రపంచమున త్రవ్వబడు టంగ్‌స్టనులో అధికభాగము చైనా దేశముదే. అట్టి లోహము మన చీపురుక్రింద పోవుట దారిద్ర్యమే కాని శుభ్రత కాదు.

ఇక రూపము. ఒక సిలిండరును పోతపోయుటకును, చల్లార్చుటకును, లేతుపై చెక్కి కొలతకు తెచ్చుటకును పట్టిన దినములన్నియు ఆ రూపమునందే నిలిచియున్నవి. కరగించినచో లోహము మిగులును. ఆ దినములు మిగులవు. 1917 ఏప్రిలులో అమెరికా జర్మనీపై యుద్ధము ప్రకటించునాటికి, అమెరికా రేవులలో జర్మను ఓడలు పెక్కు నిలిచిపోయియుండెను. అవి శత్రువునకు పనికిరాకుండుటకై వాని నావికులు ఇంజనుల పోత ఇనుప సిలిండరులను ముందుగనే బ్రద్దలుకొట్టియుండిరి. క్రొత్తవి పోయించి అమర్చుటకు చాలకాలము పట్టును. అమెరికా పనివారు విరిగినచోట్లను విద్యుద్వెల్డింగుతో అతికియు, మాసికలు బిగించియు, కొన్ని మాసములలోనే ఆ ఓడలను సముద్రముపైకి పంపిరి. యుద్ధమును మేము మెచ్చుట లేదు. పనివాని చేతిని మెచ్చుచున్నాము.

అంతకు ముందే 1839లో ఐజాక్ బాబిట్ అను అమెరికా దేశీయుడు తగరము, అంటిమొని, రాగి కలిపిన మెత్తని లోహమును బేరింగు లోపలివైపున పోయు పద్ధతికి పేటెంటు పొందెను. విలువైన ఇరుసునకు మారుగా ఆ మెత్తని పొరయే అరుగును. అరిగినదానిని కరగించి తీసివేసి క్రొత్తపొరను పోసికొనవచ్చును. మరమ్మతు అనునది యంత్రము చెడిన పిమ్మట కాక, యంత్రమును ఊహించునాడే ఆలోచింపదగినదని ఇందువలన తెలియుచున్నది.

మూడవదియగు జ్ఞానమే అన్నిటికంటె ఎక్కువగా నష్టమగుచున్నది. మేమెఱిగిన యొక నూనెమిల్లులో గేరుపెట్టె ఇరుసు రెండేండ్లలో నాలుగుమారులు ఒకేచోట విరిగెను. మొదటి మూడుమారులును ముక్కలు తుక్కులోనికి పోయెను. క్రొత్త ఇరుసు వచ్చెను. ఇరుసు చేసినవానికి తిట్లు దక్కెను. నాలుగవమారు అచ్చటి ముసలి టర్నరు ముక్కను కాటామీదికి పోనీయక, నూనె తుడిచి, వెలుగులో త్రిప్పిచూచి, "ఇది ఈవేళ విరగలేదండీ బాబూ; నెలల తరబడి విరుగుతూనే ఉందండీ" అనెను. విరిగిన ముఖముపై ఒకప్రక్క నున్నగా, ఏటియొడ్డు ఇసుకపై అలలు విడిచిన చాళ్లవంటి గీత లుండెను. తక్కినభాగము గరుకుగా నుండెను. ఆ గీతలన్నిటికిని మూలము కీ గాడియొక్క పదునైన మూల. అచ్చట సన్నని బీట పుట్టి, యంత్రము తిరిగినకొలది రవంత రవంతగా లోపలికి ప్రాకి, మిగిలిన లోహము బరువు మోయజాలనినాడు ఇరుసు ఒక్కుమ్మడి తెగినది. అటుపిమ్మట ఆ మూలను గుండ్రముగా చెక్కించిరి. ఇరుసు నిలిచెను. మొదటి ముక్కయే చెప్పుచుండిన మాటను మిల్లువారు మూడుమారులు తూకమునకు అమ్ముకొనిరి.

ఇట్టి ముక్కలమాట వినుటచేతనే శాస్త్రము పెరిగినది. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వెర్సాయినుండి పారిసునకు వచ్చుచున్న రైలుయొక్క ఇంజను ఇరుసు విరిగి, యాబదిమందికి పైగా మరణించిరి. ఆ కాలముననే స్కాట్లండు ఇంజనీరగు రాంకిన్, విరిగిన ఇరుసులను పరిశీలించి, బీట మెల్లమెల్లగా లోపలికి పెరుగుననియు, మూలలను గుండ్రముచేయుట మేలనియు వ్రాసెను. పిదప ప్రష్యాలో వోలర్, ఒక్కమారు పడి విరువజాలని బరువే పెక్కుమారులు పడినచో ఇరుసును విరుచునని ఏండ్లతరబడి పరీక్షించి చూపెను.

ఇట్లనుటచే విరిగినదెల్ల అతికి వాడుడని మేము చెప్పుట లేదు. బీటవారిన క్రేను కొక్కెమును, బరువులెత్తు గొలుసును మరల ఎవ్వరును వాడకుండునట్లు కోసివేయుటయే ధర్మము. మరమ్మతు చెడ్డదైనను నష్టమే. కాలిన పంపుసెట్టు మోటారునుండి పాత రాగితీగ నూడదీయుటకై దానిని మితిమీరిన మంటలో కాల్చినచో, లోపలి ఉక్కురేకుల పూత చెడి, ఆ మోటారు తిరిగినంతకాలము కరెంటు వృథాయగును.

తూచుటయేగాని అడుగుట యెఱుగనిచోట ప్రాణములే పోవును. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కుబజారునకు, ఒక విద్యాసంస్థ ఏండ్లతరబడి వాడక విడిచి వేలమువేసిన పరిశోధనాయంత్రము చేరెను. అందు కోబాల్టు-60 అను వికిరణపదార్థము కలదని దానిని విప్పినవారెఱుగరు. పలువురు జబ్బుపడిరి, ఒకరు మరణించిరి. అమ్మినవారు చదువుకొన్నవారు, బాధపడినవారు తుక్కు విప్పి పొట్టపోసికొనువారు.

మన సంఘదోషము ఇచ్చటనే యున్నది. ఏరువాడు, విప్పువాడు, అతుకువాడు, వీరి చేతులమీదుగానే పైజెప్పిన విలువలన్నియు తిరిగి రావలయును. వారి పని నీచమని తలచి, వారికి కంటి అద్దములైన నీయక, వారి మాట పుస్తకమున కెక్కింపక, మరల మరల క్రొత్తది కొనుటయే గొప్పయని మనము మురియుచున్నాము. మన పిల్లలకు ఇరుసు బలమును లెక్కగట్టుట నేర్పుచున్నాము; విరిగిన ఇరుసును చేతబట్టుట నేర్పుట లేదు.

చేయవలసినది పెద్దపని కాదు. విరిగిన ప్రతిభాగమునకును ఒక చీటి కట్టి, ఎన్నడు, ఎచ్చట, ఎంతపని చేసిన పిమ్మట విరిగెనో వ్రాయవలెను. లోహములను వేరువేరుగా నుంచవలెను. లోపల ఏమున్నదో తెలిసికొనక ఏ యంత్రమును అమ్మరాదు. మరమ్మతు చేసినవాని పేరును, అతడు చెప్పిన కారణమును పుస్తకమున నిలుపవలెను. కాటాకు పంపుటకు ముందు ఒక్కదినమాగి, ఇది ఎందుకు విరిగెనని అడుగవలెను. అడుగుటకు ఖర్చు లేదు. అడుగవలసినవానిని సరసన కూర్చుండబెట్టుకొని వినుటకు మాత్రము మన గర్వము కొంత ఖర్చగును.