గుత్తికొండ డొంకదారి

పల్నాటిసీమ యనగానే మాచర్ల చెన్నకేశవస్వామి యాలయమును, కారెంపూడి వీరులగుడియు, ఎత్తిపోతల జలపాతమును మనకు మొదట స్ఫురించును. ఈ కార్తికమాసమున మేము చూచివచ్చినది గుత్తికొండ బిలము. అయినను సోదరీమణులతో మేము ముఖ్యముగా ముచ్చటింపదలచినది, ఆ బిలమునుండి మరలివచ్చిన దారిని గూర్చి.

నరసరావుపేటనుండి తెల్లవారుజాముననే మా వారును మేమును మోటారు సైకిలుపై బయలుదేరితిమి. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా యేర్పడినది మొదలు మా యూరే జిల్లాకు ముఖ్యపట్టణము. పిడుగురాళ్ల సమీపించుసరికి సున్నపుబట్టీల ధూళిచే చెట్ల యాకులు తెల్లబడి కనబడెను. ఆ ప్రాంతపు నేలలో సున్నపురాయి విస్తారము. అట్టి రాతినే నీరు యుగయుగములుగా కరగించి గుత్తికొండలో గుహను దొలిచినది. లోపల చీకటిగదులు, నీటిమడుగులు గలవు. కాలయవనుని తన చూపుచేతనే భస్మము గావించిన ముచుకుందుడు నిద్రించిన తావిదియే యనియు, పల్నాటి యుద్ధానంతరము బ్రహ్మనాయుడు ఈ బిలములోనికే ప్రవేశించెననియు జనులు చెప్పుకొందురు. చిన్ననాడు తండ్రిగారికడ భాగవతము చదువుకొన్న మాకు, ఆ చల్లని చీకటిలో నిలిచినప్పుడు మేను గగుర్పొడిచెను.

కారెంపూడిలో బంధువులను జూచి పోవుదమని, మధ్యాహ్నము మీద పొలములకడ్డముగా నొక డొంకదారి బట్టితిమి. ఇరువంకల ప్రత్తిచేలు విచ్చి తెల్లగా నుండెను. చూపునకు సొంపుగానే యున్నది గాని, ఆ దారి దారి గాదు. వానలకు నల్లరేగడిలో ట్రాక్టరు చక్రములు దిగబడి చేసిన గాడులు ఎండి రాతివలె బిగిసియుండెను. నడుమనడుమ నాపరాళ్లు పైకి తేలియుండెను. ఒకచోట మా వారు గాడినుండి వెలికి రాబోవగా ముందుచక్రము అంచున కొరసి జారెను. వారు తొట్రుపడి ముందుబ్రేకు గట్టిగా బట్టిరి. మరుక్షణమున ఇరువురమును నేలమీద నుంటిమి. శిరస్త్రాణములుండుటచే తలలు దక్కినవి గాని, వారి కుడిచేతి మణికట్టు చూచుచుండగనే పొంగెను.

ప్రొద్దు వాలుచుండెను. పిల్లలిరువురును ఇంట అత్తగారికడ నుండిరి. మాకు బండి నడుపుట తెలియును, లైసెన్సును గలదు. కాని మేము నడిపినదెల్ల పాఠశాల యాటస్థలమునందును, తారురోడ్డుమీదను. ఇట్టి దారిలో వెనుక గూర్చుండి కన్నులు మూసికొనుటయే మా యలవాటు.

అంతలో పాలకేంద్రమునకు పోవు పడుచువాడొకడు, బండికి రెండుప్రక్కల పాలక్యానులు వ్రేలాడగా, నిలువుకాళ్లమీద నిలిచి అవే గాడులమీదుగా తేలివచ్చినట్లు వచ్చెను. ఆగి, సంగతి విని, “మాస్టారూ, మీరు ఈ రాళ్లు దాటిందాకా నడవండి. అమ్మగారూ, మీరు నా వెనకాలే రండి. చక్రం వంక చూడమాకండి, పోవాల్సిన చోటు చూడండి” అనెను.

అతడు చెప్పినది మేమాచరించి చూచితిమి గనుక ఇచ్చట వివరించెదము. ఆసనముపై గూర్చున్నచో ప్రతి మిట్టయు మనలను ఎగురవైచును. అడుగుమెట్లపై లేచి, మోకాళ్లు కొంచెము వంచి నిలిచినచో, కాళ్లే స్ప్రింగులై కుదుపును మ్రింగును. క్రింద బండి యూగినను పైన దేహము నిలుకడగా నుండును. బండిని మోకాళ్లతో నొక్కి పట్టవలెను గాని చేతులతో పిసుకరాదు. చేతులు బిగిసినచో చక్రమునకు దగిలిన ప్రతి దెబ్బయు భుజములకెక్కి బండి దారి తప్పును. వేగము తగ్గింపవలసినది గతుకులలో బడకమునుపే; పడిన పిమ్మట రెండవ గేరులో సమముగా సాగనీయవలెను. ఒక గాడిలో దిగినచో దానిలోనే పోవలెను. అంచు తక్కువగా నున్నచోటు చూచి వెలికి రావలెను. ఇసుకలో భయపడి యాక్సిలరేటరు విడిచితిమా, బరువు ముందునకు వచ్చి ముందుచక్రము పూడుకొనును. కావున దేహమును వెనుకకు వంచి, ఆగక పోవలెను.

కాళిదాసుని శాకుంతలము మొదటి యంకమున, నేల మిట్టపల్లములుగా నున్నందున పగ్గములు బిగించి రథవేగము తగ్గించితినని దుష్యంతునితో సారథి చెప్పును. సమప్రదేశము రాగానే పగ్గములు సడలించును. ఆ ఘట్టమును ఎన్నిమారులు చదివితిమో! అది ఒక పనివాని మాటయని ఆ డొంకలో గాని మాకు బోధపడలేదు. ఇంగ్లండులో 1924వ సంవత్సరమున మొదలై నేడు మోటోక్రాస్ అను పేర లోకమంతట వ్యాపించిన పందెములలో రౌతులు చేయునదియు ఇదియే. మా పాలవానికి దానిని నేర్పినది, పాలు ఒలుకరాదను జాగ్రత్త.

మొదట మోకాళ్లు వణకెను. ఒకమారు బండి ఆగిపోయెను. “ఏం గాదమ్మగారూ, మళ్లీ తిప్పండి” అని అతడు ముందునుండి కేకవైచెను. ఎదురుగా నున్న తుమ్మచెట్టుపై చూపు నిలిపి, చేతులు సడలించితిమి. ఆశ్చర్యమేమనగా, చక్రము తన దారిని తానే వెదకుకొనెను. వాగుదరి ఇసుకలో బండి పామువలె మెలికలు తిరిగినను మేము విడువలేదు. అటుపిమ్మట నేల చదునైనచోట మా వారు వెనుక నెక్కిరి. వారు వెనుక గూర్చుండుట మా పదునాలుగేండ్ల కాపురమున నదియే మొదలు.

కారెంపూడిలో వైద్యుడు చూచి ఎముక విరుగలేదని కట్టు కట్టెను. బండిని బంధువులయింట విడిచి బస్సులో ఇల్లు చేరుసరికి రాత్రి పది గంటలైనది. అత్తగారు కట్టు చూచి, “కోడలు నడిపి పడేసిందా?” అని అడిగిరి. మా వారు తలవంచుకొని, “పడేసింది నేనమ్మా. తీసుకొచ్చింది తను” అనిరి. అత్తగారు కొంతసేపు పలుకక, మాకు అన్నము వడ్డించిరి.

తరువాతి ఆదివారమున బండిని తెచ్చుటకు బస్సులో పోయి, తారురోడ్డు మీదుగా తెచ్చితిమి. మేము బయలుదేరునప్పుడు అత్తగారు వీథివాకిటిదాక వచ్చి, “నెమ్మదిగా నడుపమ్మా” అనిరి.